వంద వాట్లు చాలనప్పుడు

హామ్ రేడియో లైసెన్సు తెచ్చుకుని, వంద వాట్ల ట్రాన్సీవరు ఒకటి కొనుక్కుని, పెరట్లో రెండు చెట్ల మధ్య డైపోల్ ఏంటెన్నా కట్టుకున్నవాళ్ళకి ఏడాది తిరక్కుండానే ఒక కోరిక పుడుతుంది. ఏ తెల్లవారుజామునో 14 మెగాహెర్ట్‌జ్ దగ్గర, వీయూ2 అని మొదలయ్యే కాల్‌సైన్ వినపడుతుంది. అంటే ఇండియా. హైదరాబాదో, బెంగుళూరో. మనం పిలుస్తాం. ఆయన ఇటలీ వాడికి జవాబిస్తాడు. మళ్ళీ పిలుస్తాం. ఈసారి జపాను వాడికి. పది నిమిషాల్లో ఆయన గొంతు రొదలో కలిసిపోతుంది. ఆ వారంలోనే లీనియర్ యాంప్లిఫయర్ల ధరలు వెతకడం మొదలవుతుంది. ఈ వ్యాసం ఆ ధరలు చూస్తున్నవాళ్ళ కోసం.

లైసెన్సు లేనివాళ్ళ కోసం ఒక్క మాట. అమెరికాలో హామ్ లైసెన్సుకి పౌరసత్వం అక్కర్లేదు. విదేశీ ప్రభుత్వ ప్రతినిధులు తప్ప, పరీక్ష పాసైన ఎవరికైనా ఇస్తారు. హెచ్1 వీసా మీద ఉన్నవాళ్ళూ నిక్షేపంగా రాయొచ్చు. జనరల్ తరగతి లైసెన్సు ఉంటే చాలా బ్యాండ్లలో 1500 వాట్ల దాకా వాడుకోవచ్చు. టెక్నీషియన్ తరగతి వాళ్ళకి హెచ్ఎఫ్‌లో 200 వాట్లే. బ్రిటన్‌లో 2024లో ఫుల్ లైసెన్సు పరిమితిని వెయ్యి వాట్లకి పెంచారు. ఇండియాలో జనరల్ లైసెన్సుకి 400. అన్నట్టు, అమెరికా నిబంధనల్లోనే ఇంకో వాక్యం కూడా ఉంది: సంభాషణ జరగడానికి అవసరమైనంత తక్కువ పవరు మాత్రమే వాడాలి. 1500 గుర్తున్నంతగా ఈ వాక్యం ఎవరికీ గుర్తుండదు.

పది రెట్లంటే ఎంత?

వంద వాట్లని వెయ్యి చేస్తే మనం అవతలివాళ్ళకి పది రెట్లు గట్టిగా వినపడతామా? లేదు. పవరు పది రెట్లయితే పెరిగేది 10 డెసిబెల్స్. రేడియోలో ఎస్ మీటరు మీద ఒక్కో గీతకీ 6 డెసిబెల్స్ అని లెక్క. అంటే వెయ్యి వాట్లు పెట్టి మనం కొనుక్కున్నది రెండు గీతలు కూడా కాదు. 500 వాట్ల యాంప్లిఫయరు అయితే 7 డెసిబెల్స్, ఒక గీతకి కాస్త ఎక్కువ. 500 నించి 1500కి పోతే అదనంగా వచ్చేది 5 డెసిబెల్స్ లోపే, కానీ ధర, బరువు, కరెంటు మాత్రం మూడు రెట్లకి దగ్గర పడతాయి.

అవతలివాడి మీటరు మీద మనం ఎస్ 7 అయితే, యాంప్లిఫయరు వేశాక ఎస్ 8 దాటతాం. ఆయనకి అప్పుడూ వినపడుతున్నాం, ఇప్పుడూ వినపడుతున్నాం. తేడా ఏమీ లేదు. కానీ మనం ఆయన రొదకి సమానంగానో, రెండు డెసిబెల్స్ కిందనో ఉన్నామనుకోండి. ఎస్ఎస్‌బీలో మాట హాయిగా అర్థం కావాలంటే సిగ్నల్ రొద కన్నా ఓ పది డెసిబెల్స్ పైన ఉండాలి. అక్కడ ఆ 10 డెసిబెల్సే అసలు సంగతి. "ఎవరో ఉన్నారు" నుంచి "పేరు, ఊరు రాసుకున్నాను" దాకా తీసుకెళతాయి. కాబట్టి 10 డెసిబెల్స్ ఎక్కువా తక్కువా అన్నది మీరు ఇప్పుడు ఎక్కడున్నారన్న దాని మీద ఉంటుంది. అది ఊహించక్కర్లేదు, కొలవొచ్చు.

ముందు కొలత

ప్రోగ్రాము నెమ్మదిగా నడుస్తోందంటే ముందు ప్రొఫైలర్ నడుపుతాం గానీ సర్వర్ కొనం కదా. ఇక్కడా అంతే. యాంప్లిఫయరు అప్‌లోడ్‌ని మాత్రమే పెంచుతుంది. డౌన్‌లోడ్‌ని అంగుళం కూడా కదల్చదు. మీ సిగ్నల్ వాళ్ళకి చేరకపోవడమే జబ్బయితే అది మందు. వాళ్ళ సిగ్నల్ మీకు వినపడకపోవడం జబ్బయితే, వెయ్యి వాట్లు పెట్టి అరవడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే. కాకపోతే ఇక్కడ చెవిటివాడు శంఖం ఊదేవాడే. ఇలాంటి స్టేషన్లని హామ్‌లు మొసలి అంటారు. నోరు పెద్దది, చెవులు లేవు.

ఏ జబ్బో తెలుసుకోవడానికి ఎఫ్‌టీ8 చక్కగా పనికొస్తుంది. 2017లో జో టేలర్, స్టీవ్ ఫ్రాంకీ తయారుచేసిన డిజిటల్ పద్ధతి ఇది. టేలర్ 1993లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్న ఖగోళవేత్త. ఎఫ్‌టీ8లో ప్రతి సంభాషణలోనూ ఇద్దరూ ఒకరి సిగ్నల్‌కి రొదకీ ఉన్న నిష్పత్తిని రెండోవారికి డెసిబెల్స్‌లో చెప్పుకుంటారు. ఇక పీఎస్‌కే రిపోర్టర్ అనే వెబ్‌సైటులో, మీరు ఎవరితో మాట్లాడకపోయినా, ప్రపంచంలో ఎక్కడెక్కడి రేడియోలు మిమ్మల్ని ఎంత బలంగా విన్నాయో నమోదవుతుంటుంది. మోర్స్ వాడేవాళ్ళకి రివర్స్ బీకన్ నెట్‌వర్క్ అదే పని చేస్తుంది.

ఒక నెల రోజులపాటు ఈ లెక్కలు పోగుచెయ్యండి. ఉదాహరణకి, మీరు ఇండియా స్టేషన్లకి ఇచ్చే రిపోర్టు సగటున మైనస్ 8 అనుకుందాం. వాళ్ళు మీకిచ్చేది మైనస్ 18. దారిలో జరిగే నష్టం రెండు వైపులా దాదాపు ఒకటే కనక, ఈ పది డెసిబెల్స్ తేడాకి కారణం రెండే: వాళ్ళ పవరు మీకన్నా ఎక్కువ, లేదా వాళ్ళ ఊళ్ళో రొద మీ ఊరికన్నా ఎక్కువ. రెండింటికీ మీ వైపు నుంచి యాంప్లిఫయరే విరుగుడు. తేడా తిరగబడితే, అంటే వాళ్ళు మిమ్మల్ని బాగా వింటూ మీరు వాళ్ళని వినలేకపోతుంటే, డబ్బు దాచుకుని మీ ఇంట్లో రొద ఎక్కణ్ణించి వస్తోందో వెతకండి. మామూలుగా దొరికే దొంగలు చవకరకం ఫోన్ చార్జర్లు, ఎల్ఈడీ దీపాలు, పైకప్పు మీది సోలార్ ఇన్వర్టరు. మెయిన్ స్విచ్ ఆపేసి, రేడియోని బ్యాటరీ మీద నడిపి వింటే ఐదు నిమిషాల్లో తెలుస్తుంది దొంగ ఇంట్లోనే ఉన్నాడో, బయట ఉన్నాడో.

ఇండియా దారికి ఒక ప్రత్యేకత ఉంది. న్యూయార్క్ నుంచి హైదరాబాదు సుమారు 13 వేల కిలోమీటర్లు, శాన్ ఫ్రాన్సిస్కో నుంచి ఇంకో ఐదొందలు ఎక్కువ. గ్లోబు మీద దారం పెట్టి చూస్తే, న్యూయార్క్ దారి 68 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాకా, శాన్ ఫ్రాన్సిస్కో దారి 71 డిగ్రీలు దాటి వెళ్ళి కిందకి దిగుతాయి. సరిగ్గా ధ్రువకాంతులు కనపడే పట్టీ అది. సూర్యుడు ప్రశాంతంగా ఉన్న రోజు ఈ దారిలో వంద వాట్లతోనే మాట్లాడొచ్చు. భూ అయస్కాంత తుఫాను వచ్చిన రోజు ఆ పట్టీ మన సిగ్నల్‌ని స్పాంజిలా పీల్చేస్తుంది. ఆ రోజు 1500 వాట్లున్నా చాలాసార్లు ప్రయోజనం ఉండదు. సింగపూరు, దుబాయి, మారిషస్‌లలో ఉన్నవాళ్ళకి ఈ బాధ లేదు. వాళ్ళకి ఇండియా పక్కిల్లే.

ఏంటెన్నా సంగతి

యాంప్లిఫయరుకి పెట్టే డబ్బు ఏంటెన్నాకి పెడితే లాభం రెండు వైపులా వస్తుంది. మూడు ఎలిమెంట్ల యాగీ డైపోల్ కన్నా ఓ ఐదు డెసిబెల్స్ ఎక్కువ ఇస్తుంది, పంపేటప్పుడూ వినేటప్పుడూ. వెనకవైపు రొదని కూడా తగ్గిస్తుంది. అంత దూరం పోకుండా, 14 మెగాహెర్ట్‌జ్ డైపోల్ 15 అడుగుల ఎత్తులో ఉంటే దాన్ని 35 అడుగులకి లేపండి. కింద ఉన్నప్పుడు సిగ్నల్ చాలామటుకు నెత్తి మీదకి పోతుంది. ఎత్తుకి లేపాక, దిగంతానికి దగ్గరగా, అంటే మనకి కావలసిన దూరదేశాల వైపు ఎక్కువ పోతుంది. దీనికి కావలసినవి తాడు, పొడుగాటి చెట్టు.

కేబులు కూడా చూసుకోవాలి. సన్నటి ఆర్‌జీ-58 కేబులు వంద అడుగులుంటే 28 మెగాహెర్ట్‌జ్ దగ్గర రెండు నుంచి రెండున్నర డెసిబెల్స్ తినేస్తుంది. అంటే మీ వంద వాట్లలో నలభై వాట్లు కేబుల్ని వెచ్చబెట్టడానికే. అదే పొడుగు ఎల్ఎంఆర్-400 అయితే ముప్పాతిక డెసిబెల్ లోపే.

అయినా అపార్టుమెంట్లోనో, హోమ్ ఓనర్స్ అసోసియేషన్ ఉన్న కాలనీలోనో ఉండేవాళ్ళకి యాగీ అనేది కల. అటకలో దాచిన తీగే గతి. అలాంటివాళ్ళు యాంప్లిఫయరు వైపు చూడడం సహజం. కానీ, కాసేపట్లో చూస్తాం, యాంప్లిఫయరుతో ఎక్కువ చిక్కొచ్చేది కూడా ఆ అటక తీగ వాళ్ళకే.

ఏది కొనాలి?

రెండు జాతులున్నాయి. వాక్యూమ్ ట్యూబులవి, ట్రాన్సిస్టర్లవి. 1970లలో వచ్చిన హీత్‌కిట్ ఎస్‌బీ-220 లాంటి ట్యూబు యాంప్లిఫయర్లు ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి. రెండు 3-500జెడ్ ట్యూబులు, వెలిగితే దీపావళే. అమెరిట్రాన్ ఏఎల్-811హెచ్ నాలుగు చిన్న ట్యూబులతో 800 వాట్లిస్తుంది. దాని మాతృసంస్థ ఎంఎఫ్‌జే 2024 మేలో మిసిసిపీలోని ఫ్యాక్టరీలో తయారీ ఆపేసింది, కనక అది కూడా ఇప్పుడు సెకండ్ హ్యాండ్ సరుకు కిందే లెక్క. ట్రాన్సిస్టరు జాతిలో ఎలెక్రాఫ్ట్ కేపీఏ500 లాంటివి యాభై అరవై వోల్టుల మీద నడుస్తాయి, బ్యాండు వాటంతటవే మార్చుకుంటాయి, ఏంటెన్నా బాగోకపోతే వాటంతటవే ఆగిపోతాయి. ట్యూబుది చవక, దెబ్బలకి తట్టుకుంటుంది; కానీ బ్యాండు మార్చినప్పుడల్లా రెండు నాబులు తిప్పుకోవాలి. మొదటి యాంప్లిఫయరు కొనే సాఫ్ట్‌వేర్ మనిషికి నా ఓటు ట్రాన్సిస్టరుకే. కారణం కింద వస్తుంది.

ట్యూబు యాంప్లిఫయరులో ప్లేటు వోల్టేజి 1700 నుంచి 3000 పైదాకా ఉంటుంది. ఆ వోల్టేజిని పట్టుకుని ఉండే కెపాసిటర్లు, ప్లగ్గు పీకేశాక కూడా చంపగలవు. వాటిలో చార్జిని ఖాళీ చెయ్యడానికి బ్లీడర్ రెసిస్టర్లుంటాయి గానీ, నలభై యాభై ఏళ్ళ పాత పెట్టెలో అవి పనిచేస్తున్నాయని నమ్మకూడదు. మూత తియ్యాల్సి వస్తే ప్లగ్గు గోడ నించి పీకి కళ్ళెదురుగా పెట్టుకోవాలి. చాలాసేపు ఆగి, ఆ వోల్టేజికి తగిన ప్రోబుతో కొలిచి, ఇన్సులేషన్ కర్రతో కెపాసిటర్లని భూమికి తాకించాలి. ఇంట్లో ఇంకో మనిషి లేనప్పుడు ఈ పని పెట్టుకోవద్దు. కంప్యూటరు విప్పినట్టు యాంప్లిఫయరు విప్పేద్దామనుకునేవాళ్ళు ఈ పేరా రెండుసార్లు చదవాలి.

కలిపేటప్పుడు

యాంప్లిఫయరు రేడియోకీ ఏంటెన్నాకీ మధ్య కూర్చుంటుంది. కోయాక్స్ కేబులు రేడియో నుంచి యాంప్లిఫయరుకి, అక్కణ్ణించి వాట్ మీటరుకి, ట్యూనరుకి, ఏంటెన్నాకి. దీంతోపాటు రేడియో వెనక నుంచి ఒక సన్నటి వైరు యాంప్లిఫయరుకి వెళుతుంది, "ఇప్పుడు పంపుతున్నాను, రిలే వెయ్యి" అని చెప్పడానికి. తంటాలన్నీ ఈ సన్నటి వైరు దగ్గరే. ఎస్‌బీ-220 లాంటి పాత పెట్టెల్లో ఆ వైరు మీద వంద వోల్టులకి పైనే ఉంటాయి. ఈనాటి రేడియోలో ఆ పని చేసే ట్రాన్సిస్టరు అంత వోల్టేజికి తట్టుకోదు, ఒక్కసారి తగిలిస్తే చాలు, పోతుంది. మధ్యలో చిన్న బఫర్ సర్క్యూటు పెట్టాలి. రెడీమేడ్‌గా దొరుకుతాయి, ఖరీదు ఎక్కువేం కాదు.

రెండోది మనవాళ్ళకి బాగా తెలిసిన రేస్ కండిషన్. రిలే పడడానికి పది పదిహేను మిల్లీసెకన్లు పడుతుంది. అది పూర్తిగా పడకముందే రేడియో సిగ్నల్ పంపిస్తే కాంటాక్టుల మధ్య మెరుపు వచ్చి అవి కాలిపోతాయి. చాలా రేడియోల మెనూలో దీనికోసమే టీఎక్స్ డిలే అని ఉంటుంది. యాంప్లిఫయరు పుస్తకంలో రాసిన దానికన్నా కాస్త ఎక్కువే పెట్టుకోండి.

మూడోది ట్యూనరు. రేడియో లోపలి ట్యూనరు ఇప్పుడు యాంప్లిఫయరుని చూస్తుందే తప్ప ఏంటెన్నాని చూడదు. దాన్ని ఆపేసి, యాంప్లిఫయరు తర్వాత పెద్ద ట్యూనరు పెట్టాలి, లేదా ఏంటెన్నానే సరిగ్గా కొయ్యాలి. 50 ఓమ్‌ల కేబుల్లో వంద వాట్లంటే 71 వోల్టులు, 1.4 ఆంపియర్లు. 1500 వాట్లంటే 274 వోల్టులు, ఐదున్నర ఆంపియర్లు. ఇది అంతా సవ్యంగా ఉన్నప్పటి మాట. వంద వాట్ల కోసం చుట్టిన 49:1 ట్రాన్స్‌ఫార్మరు, బాలన్, ట్రాప్ కాయిళ్ళు, అరకొరగా సోల్డరింగ్ చేసిన పీఎల్-259 కనెక్టరు, వీటిలో బలహీనమైనది ముందు పోతుంది. ఎండ్-ఫెడ్ తీగ వాడేవాళ్ళకి ట్రాన్స్‌ఫార్మరు దగ్గర వేల వోల్టులు వస్తాయి. ఆ చివర అటకలో ఎండిన చెక్కకి ఆనుకుని ఉంటే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. యాంప్లిఫయరు కొనగానే అయిపోలేదు. ఇల్లు అలకగానే పండగ కాదు.

ఇక కరెంటు. అరవై శాతం సామర్థ్యంతో 1500 వాట్లు బయటికి రావాలంటే 2500 వాట్లు లోపలికి పోవాలి. 120 వోల్టుల మీద అది 21 ఆంపియర్లు. అమెరికా ఇళ్ళలో మామూలు సాకెట్టుకి 15 లేదా 20 ఆంపియర్ల బ్రేకరు ఉంటుంది. అందుకే కిలోవాట్ యాంప్లిఫయర్లకి 240 వోల్టుల లైను విడిగా వేయించుకోవాలి, బట్టల డ్రయ్యరుకి ఉన్నట్టు. మన ఊళ్ళో ప్రతి గోడకీ ఉండే 230 వోల్టుల విలువ ఇక్కడికొచ్చాక తెలుస్తుంది. 500 వాట్ల పెట్టె అయితే మామూలు సాకెట్టుతో సరిపోతుంది.

ఇంట్లోవాళ్ళు

పవరు పెంచితే మారేది సిగ్నల్ ఒక్కటే కాదు. ఏంటెన్నా దగ్గర మనుషులు ఎంత దూరంలో ఉండాలన్నది కూడా మారుతుంది. అమెరికాలో 2021 మేలో కొత్త నిబంధనలు అమల్లోకి వచ్చాయి. తక్కువ పవరు వాడే హామ్‌లకి అంతకు ముందున్న మినహాయింపు పోయింది. ఎవరి స్టేషను లెక్క వాళ్ళే కట్టుకుని, సురక్షితమో కాదో తేల్చుకోవాలి. ఇంట్లోవాళ్ళకీ ఇరుగుపొరుగుకీ వర్తించే పరిమితి 14 మెగాహెర్ట్‌జ్ దగ్గర చదరపు సెంటీమీటరుకి 0.92 మిల్లీవాట్లు, 28 దగ్గర 0.23.

డైపోల్‌కి స్థూలంగా లెక్క వేసి చూద్దాం. నేల నుంచి వచ్చే ప్రతిఫలనాన్ని కూడా కలుపుకుని, సగం సమయం పంపుతూ సగం సమయం వింటున్నామనుకుందాం. వెయ్యి వాట్ల ఎస్ఎస్‌బీ అయితే, మాటల మధ్య ఖాళీలుంటాయి కనక సగటు పవరు తక్కువ. 14 మెగాహెర్ట్‌జ్ దగ్గర రెండు మీటర్లు ఎడం చాలు. అదే ఎఫ్‌టీ8 అయితే ఖాళీలుండవు: నాలుగు మీటర్లు దాటుతుంది. 28 మెగాహెర్ట్‌జ్‌కి పోతే ఎనిమిదిన్నర మీటర్లు, అంటే 28 అడుగులు. వంద వాట్లకి ఇందులో మూడో వంతు దూరం చాలు. పెరట్లో 35 అడుగుల ఎత్తున ఉన్న తీగకి ఈ అంకెలతో ఇబ్బంది లేదు. అటకలో తీగ ఉండి, దాని కింద పిల్లలు పడుకునే గది ఉంటే ఇబ్బందే. ఆ ఇంట్లో వెయ్యి వాట్ల ప్రసక్తే వద్దు. పైగా ఎఫ్‌టీ8కి అంత పవరు అవసరం కూడా లేదు, రొద కన్నా ఇరవై డెసిబెల్స్ కింద ఉన్న సిగ్నల్‌ని కూడా అది చదువుతుంది.

పక్కింటివాళ్ళ గరాజు తలుపు దానంతటదే తెరుచుకోవడం, మీ ఇంట్లో బ్రేకర్లు ఊరికే పడిపోవడం, స్పీకర్లలో మీ గొంతు బాతు గొంతులా వినపడడం, ఇవన్నీ కిలోవాట్ వచ్చాక కనపడే చిత్రాలు. ఏంటెన్నా ఫీడు దగ్గర, ఇంట్లో వైర్ల మీద 31 రకం ఫెర్రైట్ రింగులు వేస్తే చాలామటుకు తగ్గుతాయి. ముందుగా మీరే పక్కింటాయనకి చెప్పి ఫోను నంబరివ్వడం మంచిది. ఆయన ఫిర్యాదు ఇంకెక్కడికో పోయేకంటే మీకే వస్తుంది.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఏంటెన్నాకి కాకుండా డమ్మీ లోడుకి కలిపి, రేడియోని ఇరవై వాట్లకి తగ్గించి మొదలుపెట్టండి. మెల్లగా పెంచుతూ మీటర్లు చూడండి. చాలా యాంప్లిఫయర్లకి పూర్తి పవరు రావడానికి అరవై డెబ్భై వాట్లు చాలు, రేడియోలో వంద ఉన్నాయి కదా అని వంద ఇస్తే శిఖరాలు తెగిపోయి, అటూ ఇటూ ఐదేసి కిలోహెర్ట్‌జ్ దాకా చెత్త చిమ్ముతుంది. ఆ చెత్త మీకు వినపడదు. ఒక స్నేహితుణ్ణి పక్క ఫ్రీక్వెన్సీలో వినమని అడిగి, ఆయన శుభ్రంగా ఉందన్న చోట డ్రైవ్ ఆపి, ఆ అంకెని యాంప్లిఫయరు మీద చీటీ అతికించి రాసుకోండి. ఒక్కో బ్యాండుకీ ఒక్కో అంకె వస్తుంది.